పోయినవి దొరికే కేకు

ఫనూరిస్ మాస్తొరోస్ కార్డు గీశాడు. మిషన్ కుయ్యిమంది. మళ్ళీ గీశాడు. మళ్ళీ కుయ్యిమంది. పిండి బస్తాలు తెచ్చిన పడవవాడు వాటిని తిరిగి పడవలోకే ఎక్కించుకున్నాడు.

రోడ్స్ అనే పెద్ద దీవి పక్కనున్న ఆ చిన్న ద్వీపంలో బేకరీ ఒక్కటే. అది ఫనూరిస్‌ది. పిండి లేకపోతే ఊరికి రొట్టె లేదు, అతనికి బేరం లేదు. పైగా మర్నాడే సెయింట్ ఫనూరియోస్ పండగ. ఆ సెయింట్ పేరు పెట్టుకున్న ప్రతివాడికీ అది పేరు పండగ, అంటే అతనికీ. గడప తొక్కిన ప్రతివాడికీ తినిపించాల్సిన రోజు. అలాంటి రోజున బేకరీవాడి ఇంట్లోనే పిండి నిండుకుంటే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలడా?

బ్యాంకుకి ఫోన్ చేశాడు.

"మీ ఖాతా ఆపేశాం. మీ పేరు యూరప్ ఆంక్షల జాబితాలో ఉంది" అన్నారు.

నిషేధించిన చమురును దొంగచాటుగా చేరవేసే ఓడల యజమాని ఒకడున్నాడు. పేరు ఫనూరిస్ మాస్తొరోస్. పుట్టింది ఈ దీవుల్లోనే. జాబితాలో అంతకు మించి వివరం లేదు, తండ్రి పేరైనా లేదు. ఓడలన్నీ వేరేవాళ్ళ పేర్లకు మార్చేసి దుబాయికి చెక్కేశాడని పేపర్ల మాట. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"నాకు ఓడలా! నాకున్నది ఒక గాడిద. అది కూడా నా మాట వినదు!" అని అరిచాడు ఫనూరిస్.

మనిషిని పంపుతామన్నారు. ఆ ఓడల యజమాని ఇతనేనా, లేక పేరు మాత్రమే కలిసిందా అని తేల్చడం ఆ మనిషి పని.

మర్నాడు మొదటి పడవలో బ్యాంకు పంపిన ఉరానియా దిగింది. నవ్వు ముఖం, చేతిలో ల్యాప్‌టాప్. ఫనూరిస్ రేవులోనే పట్టుకున్నాడు.

"మా తాతకి ఐదుగురు కొడుకులమ్మా. ప్రతివాడూ పెద్దకొడుక్కి తాత పేరే పెట్టాడు. ఇక్కడ అంతే. ఆ పేరున్న వాళ్ళందరినీ జైల్లో వేస్తే పడవ నడిపేవాడు కూడా మిగలడు. రండి, అందరినీ చూపిస్తాను. ఇవాళ పండగ కదా, అందరూ ఇంట్లోనే ఉన్నారు."

ఎంత పనున్నా, ఎక్కడున్నా, పేరు పండగకి నానమ్మ ఇంటికి రాకపోతే ఆ ఇంట్లో ఊరుకోరు.

పెరట్లో ద్రాక్ష పందిరి కింద పొడవాటి బల్ల. బల్ల చివర నానమ్మ త్సంబీకా. తొంభై దాటాయి, గొంతు మాత్రం ఇంకా రేవు దాకా వినిపిస్తుంది.

"వీడు ఫనూరిస్, చేపలు పడతాడు. వీడు ఫనూరిస్, పంతులు. వీడు ఫనూరిస్, తేనెటీగలు. అడుగో, ఇంజన్లు బాగుచేసేవాడు, వాడూ ఫనూరిసే" అని చూపించాడు బేకరీ ఫనూరిస్. "మాలో ఎవరింట్లోనైనా చమురు దొరికితే అది సలాడ్లో పోసుకునే ఆలివ్ నూనేనమ్మా!"

ఉరానియా ఐదు గుర్తింపు కార్డులూ తీసుకుంది. వాటి మీదున్న ఐదుగురు తండ్రుల పేర్లూ ల్యాప్‌టాప్‌లో కొట్టుకుంది.

"ఆ పొయ్యి దగ్గర ఆయనెవరు?"

"లెఫ్టెరిస్. రోడ్స్ నుంచి కూలికి పిలిచాం, చేపలు కాల్చడానికి" అన్నాడు బేకరీ ఫనూరిస్.

లెఫ్టెరిస్ పొగలోంచి తల వంచి నమస్కరించి మళ్ళీ బొగ్గుల వైపు తిరిగాడు.

కేకు వచ్చింది. ఇంటింటికీ తిరిగి తలా గిన్నెడు పిండి అడిగి తెచ్చి చేసిన కేకు. అడుగుతుంటే సగం చచ్చిపోయానన్నాడు ఫనూరిస్. నానమ్మ మొదటి ముక్క కోసి పొయ్యి దగ్గరికి పంపింది. "వేడిలో నిలబడ్డాడు, పాపం. చూడు ఎలా చిక్కిపోయాడో" అంది. రెండో ముక్క ఉరానియాకి పెట్టింది.

"నానమ్మగారూ, ఇంతమందికీ ఒకే పేరైతే పిలవడం ఎలాగండీ?" అడిగింది ఉరానియా.

"పిలుస్తాను. వస్తారు."

"ఏదీ, ఒక్కసారి పిలవండి. సరదాగా చూద్దాం."

ముసలమ్మకి ఉత్సాహం వచ్చింది. ఊపిరి పీల్చుకుని గొంతెత్తింది. "ఒరేయ్ ఫనూరీ!"

"ఏంటి నానమ్మా!" పెరడంతా పలికింది.

ఉరానియా పడీ పడీ నవ్వింది. అందరూ నవ్వారు. ఆ గోలలో ఆక్టోపస్ మాడిపోయింది. "కూలి తీసుకుంటావు, పొయ్యి చూసుకోవా!" అని బేకరీ ఫనూరిస్ లెఫ్టెరిస్ మీద విరుచుకుపడ్డాడు. లెఫ్టెరిస్ చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం పడవ వేళకి బేకరీ ఫనూరిస్ ఉరానియా వెంట రేవు దాకా వచ్చాడు.

"మరి నా ఖాతా అమ్మా?"

"సోమవారం పొద్దున తెరుచుకుంటుంది. పిండి చెప్పేసుకోండి. ఆయన మీరు కాదు, నాకు తెలిసిపోయింది."

ఫనూరిస్‌కి కళ్ళు చెమర్చాయి. ఆమె రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, చేతిలో కేకు పొట్లం కుక్కాడు.

"ఇది ఫనూరియోస్ కేకు తల్లీ. తింటే పోయినవి దొరుకుతాయి. నీకేం పోయింది?"

"నాకేం పోలేదండీ. మా ఆఫీసుకే ఒకటి కనిపించడం లేదు."

"అయితే ఇంకో ముక్క వేసుకో!"

పడవ రేవు దాటింది. ఒడ్డున నలుగురు ఫనూరిస్‌లు చేతులూపుతున్నారు, ఐదోవాడు ఏడుస్తున్నాడు. ఉరానియా కేకు కొరికి, నోట్లోది మింగి, ఫోన్ తీసింది.

"బేకరీ ఆయన్ని వదిలేయండి సార్, మన ఓడల ఫనూరిస్ వాళ్ళ పెరట్లో చేపలు కాలుస్తున్నాడు, నానమ్మ పిలిస్తే పలికింది ఐదుగురు కాదు, ఆరుగురు."