అయస్కాంతం అంటని పలక

మావయ్య సుత్తి ఎత్తేసరికి మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుని దాదాపు వేలాడింది.

బల్ల మీద ఉన్నది అరచేతి వెడల్పు లోహపు పలక. ఇనుము, అల్యూమినియం కలిపి పోసినది. ఆ అమ్మాయి పది రోజులు కొలిమిని కనిపెట్టుకుని ఉండి, సన్నటి సెగ మీద దాన్ని మెల్లగా కాచింది. సాయంత్రం కొనేవాళ్ల ఇంజనీరు వస్తాడు. పలకకు అయస్కాంతం అంటకపోతే ఏడాదికి సరిపడా ఆర్డరు. అంటితే కొలిమీ మూత, ఆమె ఉద్యోగమూ మూత. అక్క మాట కాదనలేక పనిలో పెట్టుకున్న మావయ్య ఆ సంగతి పొద్దున్నే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అయస్కాంతం అంటలేదు. ఆయన అనుమానమల్లా అక్కడే. ముప్పాతిక వంతు ఇనుమున్న పలకకు అయస్కాంతం అంటకపోవడమేమిటి? ఈ పిల్ల ఇనుము వెయ్యడమే మరిచిపోయి తన చెవిలో పువ్వు పెడుతోందనుకున్నాడు. మోత వింటే చాలు, ఏ లోహమో చెప్పగలనని ఆయనకు గొప్ప నమ్మకం.

“కొట్టకు మావయ్యా. కొడితే అంటుకుంటుంది.”

“ముప్పై ఏళ్లుగా ఇనుముతో కాపురం చేస్తున్నాను. తన్నులు తిని బుద్ధి మార్చుకున్న ఇనుమును ఇంతవరకూ చూళ్లేదు,” అంటూ ఆయన చెయ్యి విడిపించుకుని ఒక్కటిచ్చాడు.

మోత బాగానే మోగింది. దెబ్బ తగిలిన చోట అయస్కాంతం ఠక్కున అతుక్కుంది. ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

“పరీక్ష హాల్లో స్నేహితుల్ని విడదీసి కూర్చోబెడతారు చూడు, అలా ఇనుము అణువుల మధ్య అల్యూమినియం అణువుల్ని కూర్చోబెట్టాను,” అంది మేనకోడలు ఏడుపు దిగమింగుతూ. “నువ్వు కొట్టావు, వరస చెదిరింది. ఇనుమూ ఇనుమూ పక్కపక్కన చేరి ఏకమైపోయాయి. ఇక అయస్కాంతం అంటక చస్తుందా?”

మళ్లీ సెగ పెడితే ఎవరి చోటికి వాళ్లు పోతారని, చెదిరింది కాస్త మేరే కాబట్టి కొన్ని గంటలు చాలని కూడా చెప్పింది. ఇద్దరూ తిండి మానేసి కొలిమి ముందు కూర్చున్నారు. అయిందా, అయిందా అని ఆయన గంటకు పదిసార్లు అడిగి చీవాట్లు తిన్నాడు. నాలుగింటికి పలక బయటికొచ్చి చల్లారింది. అంగుళం అంగుళం అయస్కాంతం తిప్పి చూశాడు. ఎక్కడా అంటలేదు. ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

“నిన్ను అనుమానించాను. మీ అమ్మతో మాత్రం చెప్పకు,” అన్నాడు.

అంతలో కారు ఆగిన చప్పుడైంది. ఇంజనీరును తీసుకురావడానికి ఆమె గేటు దాకా వెళ్లింది. అతనికి షెడ్లన్నీ చూపించి లోపలికి తెచ్చేసరికి మావయ్య పలకను గుడ్డతో తళతళలాడేలా తుడుస్తున్నాడు.

ఇంజనీరు జేబులోంచి దారానికి కట్టిన అయస్కాంతం తీసి పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. జారిపోయింది. తలాడించి, ఆర్డరు కాగితం మీద సంతకానికి పెన్ను తీశాడు. మేనకోడలికి పది రోజుల తర్వాత ఊపిరాడింది.

“తొందరేముంది, వెనక వైపు కూడా చూడండి,” అన్నాడు మావయ్య గర్వంగా. “మా దగ్గర అచ్చు పడకుండా ఏ ముక్కా గేటు దాటదు.”

ఇంజనీరు పలక తిరగేశాడు. అటు వైపంతా జారుకుంటూ పోయిన అయస్కాంతం, మావయ్య ఇప్పుడే ఉలీ సుత్తీ పట్టి ఒక్కో అక్షరం చెక్కిన చోట గట్టిగా కరుచుకుంది: ‘దీనికి అయస్కాంతం అంటదు.’