గోడ తాత

ఠక్!

పక్కింటి వైపు నుంచి గోడ మీద మళ్ళీ కర్ర దెబ్బ పడింది.

ఆమె విసుగ్గా వయొలిన్ దించింది. "చూశావా అమ్మా? ఆ గోడ తాతకి నేను వాయిస్తే ఒళ్ళుమంట."

"గాడిదకేం తెలుసే గంధపు పొడి వాసన!" అంది తల్లి వంటింట్లోంచి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. నీది పుట్టుకతో వచ్చిన విద్య. నువ్వు కానీ."

రాబోయే వయొలిన్ పోటీలో గెలిస్తే సంగీత కళాశాలలో సీటు. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు.

మొదటి నుంచి వాయించింది. ఠక్! పౌరుషం పొడుచుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఠక్! పంతానికి పంతం. వేళ్ళు వాచినా ఆపేది కాదు.

ఒకసారి మెట్ల మీద ఎదురుపడితే అడిగేసింది.

"తాతగారూ, నేనేం పాపం చేశానండీ మీకు?"

ముసలాయన నోరు తెరిచి, మూసుకున్నాడు. కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

'అబ్బో, ఎంత పొగరు!' అనుకుంది.

పోటీ రోజు పొద్దున్నే చివరి సాధన. ఎప్పటిలాగే ఫోన్లో రికార్డు చేసుకుంటూ ఆసాంతం వాయించింది. గోడ కిక్కురుమనలేదు.

"తాత ఓడిపోయాడమ్మా!" అని చిన్నపిల్లలా గంతేసింది.

సీటు రాలేదు.

"చేయి మంచిదే. చరణంలో స్వరం జారిందమ్మా," అన్నారు న్యాయనిర్ణేతలు. ఆమె నమ్మలేదు.

ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి పక్కింటి ముందు జనం. తాత రాత్రి నిద్రలోనే పోయాడట.

ఆయన కూతురు ఆమె భుజాన ఉన్న వయొలిన్ పెట్టె చూసి చేతులు పట్టుకుంది.

"నువ్వేనా తల్లీ? నాన్న బతుకంతా వయొలిన్ నేర్పాడు. పక్షవాతంతో చెయ్యీ పోయింది, మాటా పోయింది. మా ఇంటికి వచ్చెయ్యమంటే, రానని ఈ గోడ వైపు చూపించేవాడు."

ఆమె ఇంట్లోకొచ్చి తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. పాత రికార్డులన్నీ విన్నది. స్వరం జారిన ప్రతిచోటా ఠక్. సరిగ్గా పలికిన చోట ఒక్కటీ లేదు.

ఆఖరిది పెట్టింది. చరణంలో స్వరం జారింది. ఆమె దెబ్బ కోసం ఎదురుచూసింది.

తను గెలిచానని గంతేసిన ఆ పొద్దున, ఆమెకు ఉన్న ఒకే ఒక్క గురువు గోడకవతల అప్పటికే కన్నుమూసి ఉన్నాడు.