దారికడ్డంగా వెదురు

“ఏటిరా పైడిరాజూ, ఇంకా ఎంతసేపు?” మోటారు వెనక సీట్లోంచి కంట్రాక్టరు వరహాలశెట్టి విసుక్కున్నాడు.

“రవ్వ పుట్టడం లేదు బాబూ. ఇగ్నిషన్లో ఏదో తేడా సేసింది,” అన్నాడు డ్రైవరు పైడిరాజు, బానెట్టు కిందనుంచి తలెత్తకుండా.

మోటారు ముసలిదే, కాదనను. ఘాటు రోడ్డెక్కితే చాలు, అలిగి కూర్చునేది. కానీ ఈ పూట దాని తప్పేమీ లేదు. రవ్వ పుట్టించే కాయిలు వైరు పైడిరాజే ఊడదీసి, ఏమీ ఎరగనట్టు ప్లగ్గులు తుడుస్తున్నాడు. ఏం చేస్తాడు మరి? అడవిలో వెదురు కొట్టుకునే శెట్టిగారి కూపు గుత్త ఈ వేసవితో సరి. ఇవాళ కొండ దిగితే మళ్ళీ ఎక్కే పని లేదు. వచ్చినప్పుడల్లా ఈ మలుపులో మోటారుకు నీళ్ళు తెచ్చి పోసే కొండపిల్ల గంగను మళ్ళీ చూసే రాత లేదు. నాతో వస్తావా అని ఒక్క మాట అడగాలి. ఆ మాట నాలిక చివరిదాకా వస్తోంది, వెనక్కి పోతోంది. మనిషి లోపల ఒకటే బెంగ.

ఆ రోజు కొండవాళ్ళ చైత్ర పండగ. మగవాళ్ళంతా వేటకు పోయారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు ఏదో ఒకటి ఇస్తేనే బొంగు లేస్తుంది. శెట్టిగారు ఒక చుట్ట ఇచ్చి వదిలించుకుందామని కట్ట బయటికి తీశాడు. గంగ కట్టంతా లాక్కుంది.

“ఒకటిత్తానన్నాను గానీ కట్టంతానా? ఇలాగియ్యి.”

“పండగనాడు తీసుకున్నది తిరిగియ్యం బాబూ. మా ఆచారం.”

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. శెట్టిగారు గొణుక్కుంటూ మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు.

గంగ పైడిరాజు దగ్గరికొచ్చింది. “నువ్వేటిస్తావు?”

“నా కాడ ఏటుంది గంగా?”

“ఆలోసించుకో. ఇవ్వకపోతే బొంగు లేవదు.”

ఆమె మోటారు చుట్టూ తిరిగింది. డ్రైవరు సీట్లో కూర్చుని మెరిసేవన్నీ ముట్టుకుని చూసింది.

“కొండ దిగితే సముద్రం కనబడతాదంట గదా. ఎంతుంటాది?”

“సూత్తేగానీ తెలీదు,” అన్నాడు పైడిరాజు.

అడగడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. తుడిచిన ప్లగ్గునే మళ్ళీ తుడిచాడు. గంగ కాసేపు అతన్నే చూసి, దిగి, బొంగు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరింది. శెట్టిగారు తువ్వాలు తీసేసి, “నడిసి పోయి ఇంకో డ్రైవర్ని ఎట్టుకుంటాను, నువ్విక్కడే ఉండు,” అన్నాడు.

ఇక లాభం లేదు. తనకింతే ప్రాప్తం అనుకున్నాడు పైడిరాజు. వైరు తగిలించాడు. స్విచ్చి ముందునుంచీ వేసే ఉంది గదా అని నేరుగా ముందుకెళ్ళి హ్యాండిలు తిప్పాడు.

మోటారు పలకలేదు.

మళ్ళీ తిప్పాడు. ఊహూఁ. ఈసారి నిజంగానే చెమట పట్టింది. ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించి తిప్పి చూశాడు. రవ్వ లేదు. వైర్లు చూశాడు, కాయిలు చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆడిన దొంగ నాటకానికి దేవుడు శిక్ష వేశాడనుకున్నాడు. అన్నీ అయ్యాక, ఎప్పుడూ చూడనక్కర్లేని చోట చూశాడు. స్విచ్చిలో ఎల్లకాలం వేలాడే ఇత్తడి తాళంచెవి లేదు.

తల తిప్పాడు. అది గంగ మెడలో, ఎర్ర పూసల మధ్య ఉంది.

“గంగా, తాళం ఇచ్చెయ్యి. బాబు నన్ను సంపేత్తాడు.”

“పండగనాడు తీసుకున్నది తిరిగియ్యమని సెప్పాను గదా,” అంది గంగ వెదురు బొంగు పైకెత్తుతూ. “కావాలంటే మెడతోపాటు తీసుకుపో.”