ఎవరూ లేని బల్ల

రాజంపేట ఆఫీసులో చీకటి పడ్డాక శివజ్యోతి ఒక్కతే మిగిలింది. తెల్లారేలోగా కంప్యూటర్ ప్రోగ్రాం పంపకపోతే ఆమె ఉద్యోగం ఉండదు. ప్రోగ్రాం రాసిపెట్టే కొత్త టూల్ ఏమో ఆమె వరుసగా రాసిన ఆదేశాలను ఖాతరు చేయడం లేదు. విసుగెత్తి, తోటి ఉద్యోగి ఉమామహేశ్‌కు ఫోన్ చేసింది.

“ఏమప్పా ఇది! ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని రాస్తే ఇనదే!”

“ఆ పాత అలవాటు మానుకో. ఏం కావాల్నో రాయి, ఎట్ల చెయ్యాల్నో అదే చూసుకుంటాది.”

“శానా చెప్పినావులే!”

“ముందు ఆ టైపు కొట్టేది ఆపు జ్యోతీ. నీ మాట ఇనపడల్యా.”

ఆమె ఒక చేతిలో ఫోన్ ఉంది, రెండో చెయ్యి నుదుటిమీద ఉంది. అయినా కీబోర్డు టకటకమనే చప్పుడు ఇప్పుడు ఆమెకూ వినిపించింది, వెనక చీకట్లో ఉన్న ఖాళీ బల్ల దగ్గర్నుంచి.

“ఎవురది?” అని గట్టిగా కసిరింది.

చప్పుడు ఆగింది. ఆ చీకట్లో ఒక కుర్చీ మెల్లగా వెనక్కి జరిగింది.