పై వాటా పాత సిస్టమ్

కింది వాటాలో, భ్రమరాంబ తోడికోడలు కుందన కాఫీ తాగే లోపే ‘తోరణం’ ఎక్కేసింది. అది మాట వినే ఇళ్ల సిస్టమ్‌లోకి ఎక్కించుకునే ఫ్రేమ్‌వర్క్, ఇంటికి వెబ్‌సైట్ కట్టే సాఫ్ట్‌వేర్. అనకాపల్లిలో ఇప్పుడది లేని గుమ్మం లేదు. కుందన తలుపు మీద చిలకపచ్చ పేజీ మెరుస్తుంటే భ్రమరాంబ కళ్లల్లో నిప్పులు పోసుకుంది. అదే తోరణం తన పై వాటాలో మూడుసార్లు ఆగిపోయింది మరి.

“మీ వాటాది పాత ఆపరేటింగ్ సిస్టమమ్మా. యజమాని నోటితో సరే అంటేగానీ ఎక్కనివ్వదు,” అన్నాడు మెకానిక్ నూకరాజు.

“యజమానిని నేనే కదేటి!”

“ఇందులో సూరమ్మగారని ఉందండి.”

సూరమ్మ అత్తగారు. మోకాళ్ల నొప్పులని ఏడాది కిందట కింది వాటాకు మారింది. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. కుందనకు కొత్త సిస్టమూ దక్కింది, అత్తగారూ దక్కింది! పళ్లు నూరుకుంటూనే భ్రమరాంబ కిందికి దిగి సంగతి చెప్పింది.

“ఇంకా నా పేరే ఉందేటే?” అని సూరమ్మ రెండుసార్లు అడిగింది. “ఈ ఇల్లు నన్ను అతిథి అంటాది. ఫేనెయ్యమన్నా ముందు కుందన్ని అడుగుతాది.”

ఆవిడ పద్దెనిమిది మెట్లూ ఎక్కి, గుమ్మంలో నిలబడి “సరే” అంది.

“చిత్తం అమ్మగారూ,” అంది ఇల్లు.

సూరమ్మ మళ్లీ కిందికి దిగలేదు. సాయంత్రం ఆవిడ మంచం పైకి మోస్తుంటే, కుందన మెట్ల కింద నిలబడి నూకరాజుకు ఫోన్ చేసింది.

“మా వాటాలో ఆ పాత సిస్టమే ఎక్కించాలంటే ఎన్నాళ్లు పడతాది?”