అర్కాదీ పిలిచే చాయ్నిక్

ముదీర్ కంప్యూటర్‌లో వైరస్ పెట్టడానికి అర్కాదీ ఎంచుకున్న మనిషి, ఆఫీసులో టీలు ఇచ్చే పర్శరాములు.

దుబాయిలో, అల్ ఖూజ్‌లోని ఆ గోదాము ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే రష్యావాడు అర్కాదీ. నెలాఖరుకు నీ ఉద్యోగం ఖలాస్ అని ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడు. ఫైళ్లన్నీ ఒక్కసారిగా మూసుకుపోతే ఆ ముదీరే వచ్చి కాళ్లు పట్టుకుంటాడు. వాటిని తెరిచే పాస్‌వర్డ్ అర్కాదీ కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదు. నేరం పెన్‌డ్రైవ్ పెట్టినవాడి మీదికి పోతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. పర్శరాములు వీసా పోయి జైలుకెళ్తే తనకేం?

అతన్ని అర్కాదీ "చాయ్నిక్" అనేవాడు. అంటే టీ కెటిల్. రష్యా హ్యాకర్లు కంప్యూటర్ తెలియని అమాయకుణ్ణి అలాగే పిలుస్తారు. చేతిలో ఎప్పుడూ కెటిలే ఉంటుంది కదా అని జగిత్యాల పర్శరాములు సంతోషంగానే పలికేవాడు. ఒకసారి టీలో చక్కెరకు బదులు ఉప్పు పడి ఉద్యోగం పోయేంత పనైంది. అప్పటి నుంచి ప్రతి టీలోంచి ఓ చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూస్తేగాని ముదీర్‌కు ఇవ్వడు. అది చూసి కూడా అర్కాదీ నవ్వేవాడు.

"ఇందులో కంపెనీ ఫొటోలున్నాయి. ముదీర్ నమాజుకు వెళ్లగానే ఆయన కంప్యూటర్‌కు పెట్టు," అన్నాడు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, తనకు వచ్చిన హిందీలో.

"నాకు రాదు గద సార్."

"సందులో దూర్చు, నిమిషం ఆగు. అంతే."

పైకి ఫొటోలు, లోపల వైరస్. మొదట దొరికిన కంప్యూటర్‌ను మూసేసి, పెన్‌డ్రైవ్‌లోంచి తన ఆనవాళ్లు తానే చెరిపేసుకునే రకం.

అనుమానం రాకుండా అర్కాదీ ఎదురుగా ఉన్న కెఫెటేరియాకు పోయి కూర్చున్నాడు. తన కంప్యూటర్ తెరిచే వదిలేశాడు. దాన్ని ముట్టుకునేంత తెలివి అక్కడ ఎవరికుంది కనుక.

తిరిగొచ్చేసరికి ముదీర్ టీ తాగుతూ తాపీగా ఫొటోలు చూస్తున్నాడు.

"పెట్టలేదా?" అని అర్కాదీ పర్శరాములును పక్కకు లాగాడు.

"పెట్టిన సార్. ఫొటోలు మస్తుగున్నయని ముదీర్ అన్నడు."

"నేరుగా ఆయన కంప్యూటర్‌లోనే పెట్టావా?"

పర్శరాములు నొచ్చుకున్నాడు.

"చాయే చూడకుంట ఇయ్య, ఇది ఇస్తనా సార్? మొదలు మీ కంప్యూటర్ల పెట్టి చూసిన."