వదలని నీలం

"నీలమా? కంట్లోనా?" బట్టలకు రంగులు వేసే పెద్దమ్మ ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుంది.

"కొంచెమే," అంది డాక్టరమ్మ. "మీ కుడికంట్లో శుక్లం పాలలా తెల్లబడింది. దాని మీది పొర విడిగా తెలియడం లేదు. నీలం పట్టిస్తే పొర అంచు కనిపిస్తుంది. అంచు కనపడకుండానే కత్తిరిస్తే పొర చిరిగిపోతుంది. పని కాగానే కడిగేస్తాం."

పెద్దమ్మ చేతులు చాపి నీలం పట్టిన గోళ్ళు చూపించింది. "నేనూ రోజూ కడుగుతూనే ఉన్నాను. పోయిందా? రంగుల తేడా తెలియకపోతే నా తొట్టి దగ్గర ఎవరు నిలబడతారు? ఇదిగో, మా కోడలా? దీనికి నీళ్ళు మోయడమే వచ్చు. నీలం తొట్టి మూత కూడా ముట్టనివ్వను."

కోడలు సంచి ఒళ్ళో పెట్టుకుని, చేతులు దాని కింద ఇరికించుకుని కూర్చుంది. "మన రంగు వేరు, ఇది వేరు అత్తయ్యా. చేయించుకోండి."

"నీదేం పోయింది, కన్ను నాది." అంటూనే పెద్దమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది.

మర్నాడు కట్టు విప్పారు. ఎదుటి గోడను చూసి ఆమె బిగుసుకుపోయింది.

"ఈ గోడ ఏం రంగు?"

"తెలుపు," అంది డాక్టరమ్మ.

"నాకు నీలంగా ఉంది. చెప్పానా నేను."

డాక్టరమ్మ దీపం పట్టి కంట్లోకి చాలాసేపు చూసింది. "మందు రంగు ఆనవాలు కూడా లేదు పెద్దమ్మా. మీ ఎడమకంట్లోనూ శుక్లం ఉంది, టీ డికాషన్ రంగులో. ఇన్నాళ్ళూ దాంతోనే చూశారు. దానికి నీలం సరిగ్గా ఆనదు. అందుకే ఇప్పుడు కుడికంటికి నీలం కొట్టొచ్చినట్టు ఉంది. నాలుగు రోజులకు అలవాటవుతుంది."

"నీలం ఆనకపోతే మొన్న బేరగాడి గుడ్డ ఎలా ముంచాను? సంచి ఇలా ఇవ్వవే."

కోడలు కదల్లేదు. పెద్దమ్మే సంచి లాక్కుంది. ఇంటికెళ్ళేటప్పుడు బేరగాడికి ఇచ్చేద్దామని తెచ్చిన గుడ్డ తీసి, అతనిచ్చిన నమూనా ముక్క పక్కన పెట్టి కుడికంటితో చూసింది. రెండూ ఒకటే నీలం, వెంట్రుకవాసి తేడా లేదు.

ఎడమకంటితో చూసింది. రెండూ బురద రంగు.

"మరి మొన్న దీని రంగు ఏ కంటితో కలిపాను?" అంటూ కోడలి వైపు తిరిగింది.

సంచి లేని ఒడిలో కోడలి చేతులు. పది గోళ్ళూ నీలమే.